సాఫ్ట్‌నర్ కొనేముందు నీటి కఠినత్వం లెక్క కట్టండి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం. బెంగళూరులో కార్ వాష్ పెట్టుకోదలచిన యువకుల కోసం ఇటీవల మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. షెడ్డుకు ఎంత అవుతుంది, ప్రెజర్ వాషర్‌కు ఎంత, వాక్యూమ్ క్లీనర్‌కు ఎంత, నెలకు ఎన్ని బండ్లు వస్తే బ్యాంకు వాయిదా కట్టగలుగుతారు అన్న సంగతులన్నీ వివరంగానే రాశారు. నీటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం, బోరు నీరు ఉప్పగా ఉంటే గంటకు 1,000 లీటర్ల సాఫ్ట్‌నర్ (నీటి కఠినత్వాన్ని తగ్గించే పరికరం) ఒకటి అమర్చుకోవాలని ఒకే ఒక్క వాక్యంతో సరిపెట్టారు. సరిగ్గా ఆ మాటే నమ్మి ఒకప్పుడు నష్టపోయినవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది కోలారు జిల్లా ములబాగిలు ప్రాంతం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నేర్చుకుని పెరిగాను. మారతహళ్లికి సమీపంలో తొమ్మిదేళ్లుగా చిన్న కార్ వాష్ నడుపుతున్నాను. మామూలు రోజుల్లో 30 బండ్లు, ఆదివారం 45 బండ్ల దాకా వస్తాయి. నేను ఇంజినీరును కాను, ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివాను. ఇక్కడ రాస్తున్న లెక్కలు నీటిశుద్ధి పరిశ్రమలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఓపికగా నేర్పినవి, ఆ తర్వాత నా వాటర్ మీటరు మీద, నా ఉప్పు బస్తాల మీద నేను సరిచూసుకున్నవి. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చి, అప్పు చేసి ఈ వృత్తిలోకి దిగబోతున్న తమ్ముళ్లు మీ పాఠకులలో తప్పక ఉంటారు. వారి కోసమే కొంత విపులంగా రాస్తున్నాను. స్థలాభావం ఉంటే నా సొంత కథను కత్తిరించండి, అంకెలను మాత్రం ఉంచండి.

బెంగళూరు నేల అడుగున ఉన్నది గ్రానైటు, నైసు వంటి గట్టి రాయి. ఆ రాతి పగుళ్లలో దీర్ఘకాలం నిలిచిన నీరు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని పైకి వస్తుంది. ఈ లవణాల మొత్తాన్నే కఠినత్వం అంటారు. దానిని కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు, వాడుకలో పీపీఎమ్ అన్నా అదే. తాగునీటికి మన దేశంలో ఉన్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం కఠినత్వం 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీటి ఆధారమే లేనిచోట 600 వరకు అనుమతిస్తారు. 1,100 అడుగుల లోతున్న మా బోరు నీటిలో అది 540. కడిగిన బండి మీద ఆ నీరు ఒక లీటరు నిలిచి ఎండలో ఆరిపోతే అర గ్రాముకు పైగా సున్నం జాతి లవణం పెయింటు మీద మిగిలిపోతుందని దీని అర్థం. కస్టమర్లు చూపించే తెల్ల చుక్కలు అవే. షాంపూ సరిగా నురగ రాకపోవడం, ప్రెజర్ వాషర్ నాజిల్ రంధ్రం కొద్దికొద్దిగా పూడుకుపోవడం, వేడినీటి మిషను ఉంటే దాని కాయిల్ లోపల పెచ్చు కట్టడం కూడా ఈ కఠినత్వం వల్లనే. కావేరి నీరు దీనికంటే ఎంతో మెత్తన, అంటే అందులో ఈ లవణాలు తక్కువ. అయితే దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసి తెస్తున్న ఆ తాగునీటితో బండ్లు కడగడం న్యాయమూ కాదు, చట్టం ఒప్పుకునేదీ కాదు. 2024 మార్చి నాటి నీటి ఎద్దడిలో, మళ్లీ 2025 ఫిబ్రవరిలో, తాగునీటితో వాహనాలు కడిగితే 5,000 రూపాయల జరిమానా వేస్తామని బెంగళూరు జలమండలి ఉత్తర్వులిచ్చింది. కాబట్టి మనకు మిగిలేది బోరు నీరు, వాన నీరు, ఒకసారి వాడి శుద్ధి చేసుకున్న నీరు మాత్రమే.

నేను మొదటి సాఫ్ట్‌నర్ కొన్నప్పుడు జరిగింది చెబుతాను. అమ్మడానికి వచ్చినాయన నా నీటిలో టీడీఎస్ (కరిగిన మొత్తం లవణాల) మీటరు ముంచి చూశాడు, పంపు ఎన్ని హెచ్‌పీ అని అడిగాడు, గంటకు 1,000 లీటర్ల మిషను సరిపోతుందని తేల్చాడు. రోజుకు ఎన్ని లీటర్లు వాడతానని అడగలేదు. కఠినత్వం పరీక్ష చేయనే లేదు. రోజూ రాత్రి ఒకసారి ఉప్పునీళ్లు ఎక్కిస్తే చాలన్నాడు. బిగించిన మొదటి వారం నుంచే ఒక వింత గమనించాను. పొద్దున కడిగిన బండ్లు అద్దంలా మెరిసేవి, మధ్యాహ్నం తర్వాత కడిగిన బండ్ల మీద చుక్కలు తేలేవి. కుర్రాళ్లు భోజనాల తర్వాత అలసిపోయి సరిగా తుడవడం లేదనుకుని వాళ్లను గట్టిగా కోప్పడ్డాను. వాళ్ల తప్పేమీ లేదని తెలిశాక క్షమాపణ చెప్పుకున్నాను గాని, ఆ బాధ ఇప్పటికీ పోలేదు. ఒక సాయంత్రం షోరూము నుంచి వచ్చి నెల కూడా కాని నల్ల కారు బానెట్ మీద మరకలు గట్టిపడి, నా ఖర్చుతో పాలిష్ పట్టించి ఇవ్వవలసి వచ్చింది. ఆ కుటుంబం మళ్లీ మా వాకిలి తొక్కలేదు.

కారణం తెలియాలంటే సాఫ్ట్‌నర్ లోపల ఏం జరుగుతుందో తెలియాలి. పొడవాటి ఫైబర్ వెసెల్‌లో సగానికి పైగా రెజిన్ అనే సన్నని గోధుమరంగు పూసలు ఉంటాయి. ప్రతి పూస సోడియంను పట్టుకుని ఉంటుంది. కఠినమైన నీరు వాటి మధ్య నుంచి దిగేటప్పుడు పూసలు నీటిలోని కాల్షియంను, మెగ్నీషియంను లాక్కుని, వాటి బదులు సోడియంను వదులుతాయి. పట్టుకునే చోటు నిండిపోయిందంటే ఆ తర్వాత వచ్చే నీరు ఎలా వచ్చిందో అలాగే వెళ్లిపోతుంది. అప్పుడు చిక్కటి ఉప్పునీరు పంపితే పూసలు పట్టుకున్న కాల్షియంను విడిచిపెట్టి మళ్లీ సోడియంతో నిండుతాయి. దీనినే రీజనరేషన్ అంటారు. అంటే సాఫ్ట్‌నర్ ఒక సంచి వంటిది. ఆ సంచి ఎంత పెద్దదో రెజిన్ లీటర్లు చెబుతాయి, రోజూ అందులో ఎంత పడుతుందో నీటి కఠినత్వం, నీటి వాడకం కలిసి చెబుతాయి. గంటకు 1,000 లీటర్లు అన్న మాటలో అబద్ధం లేదు, కాని అది నీరు ఎంత వేగంగా దాటగలదో చెప్పే అంకె. ఎన్ని బండ్ల వరకు మెత్తని నీరు వస్తుందో అది చెప్పదు.

లీటరు రెజిన్‌కు సుమారు 120 గ్రాముల ఉప్పు చొప్పున రీజనరేట్ చేస్తే, ఆ లీటరు రెజిన్ ఆచరణలో 50 గ్రాముల కఠినత్వాన్ని పట్టుకుంటుందని లెక్క పెట్టుకోవచ్చు. నా మొదటి మిషనులో ఉన్నది 25 లీటర్ల రెజిన్, అంటే 1,250 గ్రాముల సామర్థ్యం. నా నీటిలో లీటరుకు 0.54 గ్రాము ఉంది కాబట్టి 1,250ని 0.54తో భాగిస్తే సుమారు 2,315 లీటర్లు వస్తాయి. అప్పట్లో బండి మొత్తం, అడుగుభాగంతో సహా, ఆ నీటితోనే కడిగేవాళ్లం. మీటరు ప్రకారం బండికి సగటున 150 లీటర్లు అయ్యేది. 15 బండ్లు అయ్యేసరికి 2,250 లీటర్లు. మధ్యాహ్నం భోజనాల వేళకు సాఫ్ట్‌నర్ పని పూర్తయిపోయేది. ఆ తర్వాతి 15 బండ్లనూ నేరుగా బోరు నీటితోనే కడిగాను, సాఫ్ట్‌నర్ ఉందన్న ధీమాతో. ఈ చిన్న భాగహారం ముందే చేసి ఉంటే ఎవరినీ కోప్పడే అవసరమే ఉండేది కాదు.

ఇది తెలియగానే మూడింతలకు పైగా పెద్ద మిషను కొనేద్దామన్నదే నా తొలి ఆలోచన. ఆదివారం 45 బండ్లకు 6,750 లీటర్లు, 0.54తో గుణిస్తే 3,645 గ్రాములు, 50తో భాగిస్తే 73 లీటర్ల రెజిన్, కొంత మిగులు కలుపుకుంటే 85 నుంచి 90 లీటర్లు కావాలి. నన్ను ఆపింది ఆ పెద్దాయన అడిగిన ఒక్క ప్రశ్న. "చక్రాల మట్టి వదిలించడానికి మెత్తని నీరెందుకయ్యా?" అన్నారు. నిజమే. మొదట మట్టి వదిలించే నీరు, బండి అడుగుభాగం కడిగే నీరు, మ్యాట్లు ఉతికే నీరు, నేల కడిగే నీరు కఠినంగా ఉన్నా నష్టం లేదు, ఎందుకంటే అవి ఆరిపోకముందే వాటి మీద మరో నీరు పడుతుంది, లేదా మరక కనిపించే చోటే అది కాదు. మెత్తని నీరు అవసరమైనవి రెండే పనులు, ఫోమ్ షాంపూ కలపడం, చివరిసారి బాడీ మొత్తం కడగడం. రెండు పైపులైన్లు వేరు చేసి కొలిస్తే ఆ రెండు పనులకూ కలిపి బండికి 70 లీటర్లు చాలాయి. మామూలు రోజున 2,100 లీటర్లు, ఆదివారం 3,150 లీటర్లు. ఆదివారం భారం 1,701 గ్రాములకు దిగింది. దానికి 34 లీటర్ల రెజిన్ సరిపోతుంది. రెజిన్ మామూలుగా 25 లీటర్ల సంచుల్లో దొరుకుతుంది కాబట్టి రెండు సంచులు, అంటే 50 లీటర్లు తీసుకున్నాను. దానితో ఒక రీజనరేషన్‌కు 2,500 గ్రాములు, అనగా 540 కఠినత్వం ఉన్న నీరు సుమారు 4,600 లీటర్లు మెత్తబడుతుంది. మామూలు రోజుల్లో రెండు రోజులకు ఒకసారి, శనివారం రాత్రి తప్పనిసరిగా ఒకసారి రీజనరేట్ చేస్తున్నాం.

వేసవిలో ఈ లెక్క మారుతుందని మొదటి ఏడాదే తెలిసింది. ఏప్రిల్‌లో మా బోరు నీటి కఠినత్వం 650కి చేరింది. అప్పుడు అదే 2,500 గ్రాములు 3,846 లీటర్లకే అయిపోతాయి, రెండు రోజుల వాడకమేమో 4,200 లీటర్లు. కనుక వేసవిలో రోజు విడిచి రోజు అన్న పద్ధతి మానేసి మీటరు చూసి చేస్తాం. ట్యాంకర్ నీరు కొనేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఈ రోజు వచ్చిన ట్యాంకరు ఏ బోరు దగ్గర నింపారో, రేపటిది ఎక్కడిదో మనకు తెలియదు. వారు నాలుగైదు ట్యాంకర్ల నీరు విడివిడిగా పరీక్షించి, అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకె మీదనే రెజిన్ లెక్క కట్టుకోవాలి. సగటు తీసుకుంటే కఠినమైన ట్యాంకరు వచ్చిన రోజున మధ్యలోనే దెబ్బతింటారు.

ఇప్పుడు ఉప్పు గురించి. అమ్మకందారులు చాలామంది ఈ విషయం దాటవేస్తారు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. చిన్న మిషను అమ్మి, ఉప్పు ఎక్కువ వేస్తే సామర్థ్యం పెరుగుతుందని చెప్పేవారు ఉన్నారు. పెరిగే మాట నిజమే, కాని ఏ ధరకు? లీటరు రెజిన్‌కు 120 గ్రాముల ఉప్పుతో 50 గ్రాముల సామర్థ్యం వస్తే, ఉప్పును 240 గ్రాములకు రెట్టింపు చేసినా సామర్థ్యం 65 నుంచి 70 గ్రాములకు మించదు. ఉప్పు రెండింతలవుతుంది, ఫలితం మూడో వంతు పెరుగుతుంది, పూసలకు పట్టని ఉప్పంతా మోరీలోకి పోతుంది. అందుకే రెజిన్ కొంత ఎక్కువగా పెట్టుకుని ఉప్పు తక్కువ వాడడమే మేలు. రెజిన్ ఒకసారి కొనేది, జాగ్రత్తగా చూసుకుంటే ఐదారేళ్లు పనిచేస్తుంది. ఉప్పు మాత్రం ప్రతి నెలా కొనాలి. మా 50 లీటర్లకు ఒక్కసారికి 6 కిలోల ఉప్పు పడుతుంది, నెలకు 15, 16 సార్లు చేస్తే 90 కిలోల పైచిలుకు. బండి మొత్తాన్ని మెత్తని నీటితో కడిగే పాత పద్ధతిలోనే కొనసాగి ఉంటే అదే లెక్కన నెలకు సుమారు 190 కిలోలు అయ్యేది. రెండో పైపులైను వేయడానికి నాకైన ఖర్చు ఆ తేడాలో ఎప్పుడో తిరిగి వచ్చింది. ఉప్పు విషయంలో ఇంకొక మాట, అయోడిన్ కలిపిన వంట ఉప్పు అవసరం లేదు. మట్టి, ఇసుక లేని రాళ్లుప్పు చాలు. అడుగున బురద తేలే ఉప్పు చవకగా వస్తుంది గాని, అది ఉప్పునీటిని లోపలికి లాగే ఇంజెక్టర్ సన్నని రంధ్రాన్ని మూసేస్తే ఉప్పునీరు రెజిన్‌కు ఎక్కనే ఎక్కదు, మనం మాత్రం రీజనరేషన్ అయిందనుకుంటాం.

వెసెల్ సైజు, వేగం కూడా చూడాలి. 50 లీటర్ల రెజిన్‌కు 13 అంగుళాల వ్యాసం, 54 అంగుళాల ఎత్తు ఉన్న వెసెల్ వాడుతున్నాను. సన్నని వెసెల్‌లో అంచుదాకా రెజిన్ నింపితే, అడుగు నుంచి నీరు పైకి పంపి కడిగే బ్యాక్‌వాష్‌లో పూసలు పొంగి లేవడానికి చోటుండదు, మురికి వదలదు. రెజిన్ పరుపు ఎత్తులో సగమైనా పైన ఖాళీ ఉండడం మంచిది. నీరు దిగే వేగం గంటకు రెజిన్ పరిమాణానికి 8 నుంచి 40 రెట్ల మధ్య ఉండవచ్చు. మా నీరు బాగా కఠినం కాబట్టి 20 రెట్లకే, అంటే గంటకు 1,000 లీటర్లకే పరిమితం చేశాను. మా రెండు ప్రెజర్ వాషర్లు ఒకేసారి నడిస్తే నిమిషానికి 24 లీటర్లు, గంటకు 1,440 లీటర్లు లాగుతాయి. అందుకని సాఫ్ట్‌నర్‌ను నేరుగా మిషన్లకు కలపకుండా మధ్యలో 2,000 లీటర్ల ట్యాంకు పెట్టాను. సాఫ్ట్‌నర్ నింపే పని నింపుతుంది, మిషన్లు లాగే పని లాగుతాయి. ఈ ట్యాంకు ఉన్నందువల్లే ఒకే వెసెల్‌తో నెట్టుకొస్తున్నాను. రాత్రింబవళ్లు నడిపేవారికి మాత్రం రెండు వెసెళ్లు తప్పవు.

పరీక్ష గురించి చెప్పకపోతే పై లెక్కలన్నీ వృథా. టీడీఎస్ మీటరు కఠినత్వాన్ని కొలవదు. నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి అది ఒక అంచనా చూపుతుంది. టీడీఎస్ 1,000 ఉన్న నీటిలో కఠినత్వం 300 ఉండవచ్చు, 600 కూడా ఉండవచ్చు. ఇంకా విచిత్రం, సాఫ్ట్‌నర్ దాటిన నీటిలో టీడీఎస్ తగ్గదు, ఎందుకంటే కాల్షియం పోయిన చోటుకు సోడియం వస్తుంది. సాఫ్ట్‌నర్ పనిచేయడం లేదని టీడీఎస్ మీటరు చూపించి పోట్లాడేవారిని, పనిచేస్తోందని అదే మీటరు చూపించి నమ్మించేవారిని, ఇద్దరినీ చూశాను. కఠినత్వానికి వేరే చుక్కల కిట్టు దొరుకుతుంది. నీటిలో రంగు మందు వేస్తే ద్రాక్షసారా ఎరుపు వస్తుంది, ఈడీటీఏ ద్రావణం ఒక్కొక్క చుక్క వేస్తూ పోతే ఒక దశలో నీలంగా మారుతుంది, ఎన్ని చుక్కలు పడ్డాయన్న దాన్ని బట్టి కఠినత్వం తెలుస్తుంది. సాఫ్ట్‌నర్ సరిగా ఉంటే దాని నుంచి వచ్చిన నీరు రంగు మందు వేయగానే నీలంగా కనిపిస్తుంది. మా దగ్గర పొద్దున తొమ్మిదికి ఒకసారి, సాయంత్రం నాలుగుకు ఒకసారి కుర్రాళ్లే ఈ పరీక్ష చేసి గోడ మీది పలకపై రాస్తారు. సాయంత్రం పరీక్షే అసలైనది.

కొనే ముందు మాత్రం గుర్తింపు ఉన్న ల్యాబులో పూర్తి పరీక్ష చేయించుకోవాలి, అందులో ఇనుము తప్పనిసరిగా ఉండాలి. తోడినప్పుడు తేటగా ఉండి, బకెట్లో కాసేపటికి ఎర్రబడే నీరు రెజిన్‌కు హాని చేస్తుంది. ఇనుము పూసలను కప్పేస్తే ఉప్పునీటికి అది సులభంగా వదలదు, కనుక ముందు దాన్ని తొలగించే ఫిల్టరు పెట్టాలి. ఇసుక, బురద ఉంటే సాండ్ ఫిల్టరు ముందు ఉండాలి. అయస్కాంతాలతోనో విద్యుత్ తరంగాలతోనో, ఉప్పే అక్కరలేకుండా నీటిని మార్చేస్తామని అమ్మే పరికరాలు కార్ వాష్‌కు పనికిరావు. వాటిని దాటినా కాల్షియం నీటిలోనే ఉంటుంది, ఆ నీరు ఆరితే మరక పడుతుంది. మెత్తని నీరు ఆరినా సోడియం లవణాల పలుచని ఛాయ ఒకటి ఉంటుంది గాని, అది తడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే పోతుంది. అదీ ఉండకూడదంటే నల్లబండ్లకు చివరి పది, పదిహేను లీటర్లు ఆర్‌ఓ నీరు వాడాలి. ఆర్‌ఓ పెట్టేవారు దానిని సాఫ్ట్‌నర్ తర్వాతే పెట్టుకోవాలి, దాని నుంచి బయటికి పోయే నీటిని చక్రాలకు, నేలకు వాడుకోవాలి.

వాన నీటిని మనవాళ్లు ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. వాన నీటిలో కఠినత్వం దాదాపు లేనట్టే. బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మా షెడ్డు రేకుల కప్పు 200 చదరపు మీటర్లు. ఐదో వంతు వృథా పోయిందనుకున్నా ఏడాదికి 1,55,000 లీటర్లు చేతికి రావాలి. బండికి 70 లీటర్ల లెక్కన అది 2,200 బండ్లకు సరిపోయే మెత్తని నీరు, నా ఏడాది పనిలో దాదాపు ఐదో వంతు. సంపు చిన్నది కావడం వల్ల నేను అందులో సగం కూడా పట్టలేకపోతున్నాను. కొత్తగా షెడ్డు కట్టేవారు సంపు తవ్వేటప్పుడే పెద్దదిగా తవ్వుకుంటే, వాన కురిసినంత కాలం సాఫ్ట్‌నర్‌కు విశ్రాంతి, ఉప్పుకు ఆదా.

ఉప్పు ఆదా అని మళ్లీ మళ్లీ రాయడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. రీజనరేషన్ తర్వాత బయటికి వచ్చే నీటిలో వాడని ఉప్పు, పూసలు వదిలిన కాల్షియం, మెగ్నీషియం క్లోరైడ్లు ఉంటాయి. మనం దాన్ని డ్రైనేజీలోకి వదులుతాం. కోరమంగల, చల్లఘట్ట లోయలోని మురుగు శుద్ధి కేంద్రాలలో శుద్ధి అయిన నీటినే 2018 నుంచి కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు. ఎండి ఏళ్లయిన బోర్లలో మళ్లీ నీళ్లు పడ్డాయని మా బంధువులు సంతోషంగా చెబుతుంటారు. ఆ శుద్ధి కేంద్రాలు మురికిని తీసివేయగలవు గాని నీటిలో కరిగిన ఉప్పును తీసివేయలేవు. నేను ఇక్కడ నెలకు 90 కిలోల ఉప్పు వదిలితే అందులో కొంతైనా నీటితో పాటు ప్రయాణం చేసి, మా వాళ్లు టమాటా, రాగి పండించే పొలాల కింది భూగర్భ జలంలో చేరుతుంది. నా ఒక్కడి ఉప్పు లెక్కలోనిది కాకపోవచ్చు. ఈ నగరంలో సాఫ్ట్‌నర్లు పెట్టుకున్న అపార్టుమెంట్లు, హోటళ్లు, లాండ్రీలు, మావంటి సర్వీసు సెంటర్లు అన్నీ కలిస్తే అది చిన్న మొత్తం కాదు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు మనసు కుదుట పడదు.

నేను చేస్తున్నది రాస్తాను, ఇంతకంటే మంచి దారి తెలిసినవారు చెబితే నేర్చుకుంటాను. మా 50 లీటర్ల రెజిన్‌కు ఒక్క రీజనరేషన్‌లో సుమారు 450 లీటర్ల నీరు ఖర్చవుతుంది. అందులో మొదటి 150 లీటర్ల బ్యాక్‌వాష్ నీటిలో ఉప్పు ఉండదు, మురికి మాత్రమే ఉంటుంది, దాన్ని తేర్చుకుని చక్రాలు కడగడానికి వాడతాం. చివరి 120 లీటర్లు కూడా నేలకు పనికివస్తాయి. మధ్యలో వచ్చే 180 లీటర్లే గాఢమైన ఉప్పునీరు. దాన్ని విడిగా పట్టి, వేసవిలో వెడల్పాటి తొట్లలో ఎండబెడతాం. కాల్షియం క్లోరైడ్ తేమను లాక్కునే గుణం వల్ల అది పూర్తిగా పొడిబారదు, చిక్కటి ద్రవంగా మిగులుతుంది, అయినా పరిమాణం ఎంతో తగ్గుతుంది. వానాకాలంలో మాత్రం డ్రైనేజీలోకి వదలక తప్పడం లేదు. ఒకటి మాత్రం ఎవరూ చేయకూడదు, ఆ నీటిని ఇంకుడు గుంతలోకి గాని, మొక్కలకు గాని వదలకూడదు. మా వీధిలో ఒకరు అలాగే ఇంకుడు గుంతలోకి వదిలి, తన బోరు నీటినే మరింత ఉప్పన చేసుకున్నారు.

అందుచేత మీ పత్రిక ద్వారా రెండు మనవులు చేసుకుంటున్నాను. ముద్ర పథకం కిందనో మరో పథకం కిందనో కార్ వాష్‌కు రుణమిచ్చే బ్యాంకులు, ప్రాజెక్టు రిపోర్టులో షెడ్డు కొలతలు అడిగినట్లే నీటి పరీక్ష రిపోర్టును, రోజువారీ నీటి లెక్కను కూడా అడగాలి. జలమండలి, కాలుష్య నియంత్రణ మండలి కలిసి, సాఫ్ట్‌నర్ల ఉప్పునీటిని సర్వీసు సెంటర్ల నుంచి సేకరించే ఏర్పాటు ఒకటి ఆలోచించాలి. దానికి రుసుము పెట్టినా నేను సంతోషంగా కడతాను.

ఇక సాఫ్ట్‌నర్ కొనబోయే తమ్ముళ్లు కొటేషన్‌లో మూడు అంకెలు రాసివ్వమని అడగాలి. రెజిన్ ఎన్ని లీటర్లు, ఒక్క రీజనరేషన్‌కు ఉప్పు ఎన్ని కిలోలు, మీ నీటి కఠినత్వానికి రెండు రీజనరేషన్ల మధ్య ఎన్ని లీటర్ల మెత్తని నీరు వస్తుంది. రెజిన్ సంచులు మీ ఎదుటే విప్పి పోయమనండి. పరీక్షకు నీరు పట్టేటప్పుడు బోరు పది నిమిషాలు నడిపించి, ఆ తర్వాత శుభ్రమైన లీటరు సీసాలో నిండుగా పట్టండి. మా షెడ్డులో చుక్కల కిట్టు ఎప్పుడూ ఉంటుంది. మీ పత్రిక కార్యాలయానికి నా చిరునామా ఇస్తున్నాను, ఈ ఉత్తరం చదివి సీసాతో వచ్చినవారికి కఠినత్వం చూసి, రెజిన్ లెక్క కాగితం మీద వేసి ఇస్తాను. దానికి డబ్బేమీ తీసుకోను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక కార్ వాష్ నిర్వాహకుడు,
మారతహళ్లి, బెంగళూరు.